నుదుటి మీద పదకొండు

మా మునిసిపల్ ఆఫీసులో నా ముఖం మీద ఒక ఫైలు తెరిచారు. ఇన్నేళ్ళ సర్వీసులో నా మీద పైకి వెళ్ళిన మొదటి ఫైలు అదే. అదీ పనిలో తప్పు దొర్లి కాదు, ముఖం పనికిరాదని. మా దగ్గర వీధి కుళాయి పాడైతే ఆర్నెల్లకి గానీ కాగితం కదలదు. నా ముఖం ఫైలు మాత్రం పొద్దున్న పుట్టి సాయంత్రానికల్లా కమిషనరుగారి టేబులెక్కి సంతకంతో దిగింది.

ముందు ఆ ముఖం సంగతి చెప్పాలి. నా పేరు పేరిందేవి. జనన మరణ ధ్రువపత్రాల కౌంటరులో కూర్చుంటాను. నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలున్నాయి, పలక మీద పదకొండు అంకె వేసినట్టు. అవి మా మేనత్త పోలికట. ఆవిడ అరుగు మీద బియ్యం ఏరుతుంటే కాకి కూడా చేటవైపు చూసేది కాదని మా అమ్మ చెప్పేది. నావి కోపం వస్తే పడే గీతలు కావు. నిద్రలో కూడా అలాగే ఉంటాయని మా ఆయన అంటారు. నన్ను నిద్ర లేపవలసి వస్తే ఆయన ఇప్పటికీ గుమ్మం దగ్గర నిలబడే పిలుస్తారు.

ఆ పదకొండు వల్ల నాకు ఒరిగిందేమీ లేదు గానీ, మా లైనుకి చాలా ఒరిగింది. నేను కళ్ళెత్తి చూస్తే చాలు, జనం జిరాక్సులు చేతిలోకి తీసుకుని ఒకరి వెనక ఒకరు సర్దుకుంటారు. బుల్లబ్బాయి అని ఒక బ్రోకరున్నాడు. పదిమంది కాగితాలు ఒక్కడే పట్టుకొచ్చి, నిలబడ్డవాళ్ళ భుజాల మీంచి కిటికీలోకి చెయ్యి పెట్టేసి పని చేయించుకోవడం వాడి వృత్తి. మిగతా కౌంటర్లలో వాడి పని సాగుతుంది. నా దగ్గరికొచ్చేసరికి పదకొండు చూసి, నేనేమీ అనకుండానే "ఆయ్, అలాగేనండి" అని వెనక్కి వెళ్ళి లైను చివర నిలబడేవాడు. ఊళ్ళో నాది పదకొండో కౌంటరు అంటారు. మా ఆఫీసులో ఉన్నవే నాలుగు కౌంటర్లు.

ఇలా నడుస్తున్న సంసారంలోకి కొత్త కమిషనరుగారు వచ్చారు. ఆయన ఏదో సదస్సుకని నగరం వెళ్ళి పెద్ద హోటల్లో దిగారు. అక్కడ రిసెప్షన్‌లో ఒకావిడ చేతులు జోడించి నవ్విందట. తిరిగొచ్చి మా అందరినీ సమావేశపరిచారు.

"ఆ నవ్వు చూసేసరికి నేను ఏం అడగడానికి వెళ్ళానో నాకే గుర్తు లేదు" అన్నారు. "పౌరుడు కూడా మన ఆఫీసుకు వచ్చేసరికి తన సమస్య తానే మరచిపోవాలి. దానినే సుపరిపాలన అంటారు."

మర్నాడు మెమో వచ్చింది. "వదన వికాస పథకము క్రింద, నలుబది ఐదు సంవత్సరములు పైబడిన మహిళా సిబ్బంది యావన్మందీ తమ వదనములయందు వయోచితమగు అలంకరణ గావించుకొని, సదరు వదనములను కార్యాలయ వేళలందు ప్రసన్న స్థితిలో నిర్వహించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." పౌరుల అభిప్రాయ సేకరణలో అత్యధిక ఫిర్యాదులు వచ్చిన ముఖం నాదేనని కింద ఉదాహరణగా రాశారు. ఆ అభిప్రాయ సేకరణ కాగితాలు నింపి ఇచ్చింది బుల్లబ్బాయి. ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

"మరి మగవాళ్ళ సంగతేంటండి?" అని అడిగాను.

కమిషనరుగారు తన గుబురు కనుబొమలు ముడిచి ఆలోచించారు. "పురుష సిబ్బంది వదనములు శాశ్వత కట్టడాల కిందకు వస్తాయమ్మా. వాటికి మరమ్మతు పద్దు లేదు."

పథకమైతే వచ్చింది గానీ అమలు ఎవరిదన్నది తేలలేదు. ముడతలు చెత్త కావని పారిశుధ్య విభాగం ఫైలు తిప్పి పంపింది. జబ్బు కావని ఆరోగ్య విభాగం పంపేసింది. ముడత అంటే పగులే కనక ఇంజినీరింగు విభాగం చూసుకోవాలని చివరికి తేల్చారు. అలా మా ముఖాలు రోడ్లు వేసే ఏఈ భీమశంకరంగారి చేతికి వచ్చాయి. ఆయన పాపం మంచివాడే. ఆడవాళ్ళ ముఖాలవైపు ఎప్పుడూ తలెత్తి చూసి ఎరగడు. ఇప్పుడు డ్యూటీ మీద చూడాల్సి వచ్చి చెవులు ఎర్రబడిపోయేవి.

మాకు శిక్షణ ఇవ్వడానికి తన్మయి అని ఒకమ్మాయిని పిలిపించారు. పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే పిల్ల. వెలిసిపోయిన కౌన్సిల్ హాల్లో, పాత చైర్మన్ల ఫొటోల కింద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. ఆ పిల్ల చెప్పినవి మంచి మాటలని ఒప్పుకుని తీరాలి.

"వయసు పెరిగాక పౌడరు తగ్గించుకోవాలండి. గీతల్లో ఇరుక్కుని ఇంకా కనబడతాయి. ముందు క్రీము రాసుకుని బాగా ఇంకనివ్వండి. కాటుక కింద రెప్పకి దట్టంగా పెడితే కళ్ళు జారినట్టుంటాయి, పై రెప్పకి సన్నగా గీస్తే చాలు. పెదాలకి మరీ ముదురు రంగులొద్దు. అన్నిటికంటే ముందు, మీ ముఖంలో మీకు నచ్చినదేదో దాన్ని కనబడనివ్వండి. మిగతాది పట్టించుకోకండి. ఏదైనా కొంచెం కొంచెమే."

"కొంచెం అంటే ఎన్ని మిల్లీమీటర్లు?" అని వెనక కుర్చీలోంచి భీమశంకరంగారు అడిగారు.

తన్మయి బిత్తరపోయింది. "అది ఎవరి ముఖాన్ని బట్టి వాళ్ళకుంటుందండి."

"అలా వీల్లేదమ్మా. ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు."

తర్వాత ఆ పిల్ల నా ముందుకొచ్చింది. నా నుదుటి మీద వేలు పెట్టి మెల్లిగా రాసింది. "ఇక్కడ కాస్త వదులు చెయ్యండి మేడమ్."

"వదులుగానే ఉన్నాయమ్మా" అన్నాను.

ఆ పిల్ల వేలు తీసేసింది. పక్క కౌంటరు రమణకుమారి పవిట నోట్లో కుక్కుకుంది.

వారం తిరక్కుండా తన్మయి చెప్పిన ప్రతి సలహా నిబంధన అయిపోయింది. చెంపకి రంగు ఇంత మందం, రెండు వైపులా సమంగా. ముఖానికి రాసే క్రీము అందరికీ ఒకటే చాయ. రమణకుమారి పచ్చగా ఉంటుంది, నేను చామనచాయ, జవాను సత్తెమ్మ నల్లగా నిగనిగలాడుతుంది. ఎవరి చాయకి తగ్గది వాళ్ళకి తెప్పించమని తన్మయి ప్రాధేయపడింది. "సిబ్బంది మధ్య రంగు భేదం పాటించుట రాజ్యాంగ విరుద్ధము" అని కమిషనరుగారు కొట్టేశారు. దాంతో మేమందరం ఒకే గోడకి కొట్టిన సున్నంలా తయారయ్యాం. సత్తెమ్మ సొంత మనవడు బడి నించి వచ్చి వాళ్ళ అమ్మమ్మ ఎక్కడని సత్తెమ్మనే అడిగాడు.

రోజూ పదిగంటలకి తనిఖీ. భీమశంకరంగారు చిన్న స్కేలు పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, మా ముఖాలు చూసి రాసుకునేవారు. నా దగ్గరకొచ్చి నిట్టూర్చేవారు.

"గీత లోతు పరిమితి మించిందండి పేరిందేవిగారూ. పైపూత నిలవట్లేదు. పదకొండు గంటలు దాటేసరికి పగులు మళ్ళీ తేలుతోంది."

"నేనేం చెయ్యనండి? తవ్వి కంకర పొయ్యమంటారా?"

"పొయ్యడానికి రేటు లేదండి" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

నా ఫైలు తెరిచింది అప్పుడే. వారం రోజుల్లో నా వదనం ప్రసన్న స్థితికి రానిపక్షంలో నన్ను శ్మశానవాటిక గేటు దగ్గర నమోదు గదికి బదిలీ చేస్తామని రాశారు. ఎందుకని అడిగితే కమిషనరుగారు చాలా మర్యాదగా చెప్పారు.

"అక్కడి లబ్ధిదారులు సిబ్బంది ముఖాల గురించి ఫిర్యాదు చేసిన దాఖలా లేదమ్మా."

నాకు రిటైరుమెంటు ఇంకొక్క ఏడాది ఉంది. ఆ కుర్చీలోంచే లేచి ఇంటికెళ్ళాలని నా కోరిక. పెద్ద కోరికేమీ కాదు. నేను పుట్టినట్టు రాసిన పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల పేర్లు రాయించుకోడానికి వస్తున్నారు. ఈ ఊళ్ళో ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో నా చేతి మీదుగా వెళ్ళింది. అలాంటిది రెండు గీతల కోసం నన్ను కాటికి పంపుతారా అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే పదకొండు ఇంకా లోతుగా పడుతుందని ఆపుకున్నాను.

తన్మయికి నా మీద జాలేసింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి నా జుట్టంతా వెనక్కి లాగి, నడినెత్తి మీద ముడి బిగించింది. ఎంత బిగించిందంటే కనుబొమలు రెండూ పైకెక్కి కూర్చున్నాయి. నుదురు నున్నగా అరటాకులా సాగింది. పెదాల చివర్లు కూడా వాటంతటవే పైకి లేచాయి. దాని మీద క్రీము పూసి అద్దం చూపించింది. అద్దంలో ఎవరో దూరపు చుట్టం, పెళ్ళికొచ్చి లడ్డూ కోసం చూస్తున్నావిడ కనబడింది. మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చి, "ఎవరండీ" అన్నారు.

భీమశంకరంగారు స్కేలు జేబులో పెట్టేసుకుని "సంతృప్తికరం" అని రాశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు కౌంటరు తెరిచాక ఏమైందో చెబుతాను. మొదట వచ్చినావిడ మనవరాలు పుట్టిందని చెప్పి, నా ముఖం చూసి, పురుడు పోసిన దగ్గర్నించి మొదలుపెట్టి బారసాల దాకా వచ్చింది. వెనకాయన తన కొడుక్కి సంబంధాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇద్దరు కిటికీ మీద మోచేతులు ఆనించి కబుర్లలో పడ్డారు. ఎవరి దగ్గరా జిరాక్సులు లేవు. లైను లైనులా లేదు, పెళ్ళి పందిట్లో వంటశాల ముందు గుంపులా ఉంది. బుల్లబ్బాయి దూరం నుంచి నన్ను చూసి, నమ్మలేక కళ్ళు నులుముకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరికొచ్చాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. ఏమీ కాలేదు. అంతే, మధ్యాహ్నానికి వాడి మోచెయ్యి నా స్టాంపు ప్యాడ్ మీదే ఉంది.

అప్పుడు సింహాచలంగారు వచ్చారు. తువ్వాలు చేతిలో పట్టుకున్న ముసలాయన. గుంపులోంచి ఎలాగో కిటికీ దగ్గరికొచ్చి, "మా ఇంటిది కాలం చేసిందండి. కాగితం కావాలన్నారు" అన్నారు. అని తలెత్తి నా ముఖం చూశారు.

"తమకి నవ్వుగా ఉందా అమ్మా" అన్నారు మెల్లిగా.

"నేను నవ్వట్లేదండి. ముడి బిగుసుకుంది" అన్నాను. అది నవ్వుతూ అన్నట్టే వినబడింది. నాకే వినబడింది.

"మళ్ళీ వస్తాలెండి" అని ఆయన వెళ్ళిపోయారు. నేను లేచి పిలుద్దామనుకుంటే మధ్యలో బుల్లబ్బాయి చెయ్యి అడ్డం ఉంది. ఆ పూట అన్నం సయించలేదు.

జరిగింది కమిషనరుగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అలాంటి పెద్దలు శ్రద్ధగా వింటే భయపడాలని నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రానికి సవరణ మెమో వచ్చింది. "జనన ధ్రువపత్రములు ఉదయం వేళలందు హర్ష వదనముతోను, మరణ ధ్రువపత్రములు మధ్యాహ్నం వేళలందు సంతాప వదనముతోను జారీ చేయవలెను. వదన మార్పిడికై భోజన విరామము వినియోగించుకొనవలెను."

సంతాప వదనం తాను చెయ్యనని తన్మయి మొండికేసింది. భీమశంకరంగారే చేశారు. బూడిద రంగు పౌడరు కళ్ళ కింద అద్ది, పెదాల మీద రంగు తుడిచేవారు. ముడి మాత్రం విప్పడానికి వీల్లేదు, మళ్ళీ బిగించడం ఆయన వల్ల కాదు. దాంతో మధ్యాహ్నం పూట నేను బూడిద పూసుకుని సంతోషపడుతున్న మనిషిలా ఉండేదాన్ని. సింహాచలంగారు ఒక పొద్దున్న వచ్చారు. మరణాలు మధ్యాహ్నమేనని గేటులో తిప్పి పంపేశారు. మధ్యాహ్నం వచ్చేసరికి బుల్లబ్బాయి కాగితాలతోనే టైమైపోయింది. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళారు.

ఇంతలో పథకం చూడటానికి పై ఆఫీసు నుంచి డైరెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన వచ్చే రోజు ఉదయం గేటుకి మామిడి తోరణాలు కట్టారు. మా అందరికీ కొత్త పూత వేశారు. పదకొండు గంటలు కాకుండానే కరెంటు పోయింది. ఫాన్లు ఆగాయి. మా ఊరి ఉక్కపోత తెలిసినవాళ్ళకి తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. క్రీము మెడ మీదకి దిగింది. కిటికీలోంచి చూస్తే లైను చివర సింహాచలంగారు మళ్ళీ నిలబడ్డారు. మరణమైనా పొద్దున్నే తీసుకుందామని ముందురోజు నేనే కబురు పంపాను, మెమో సంగతి తర్వాత చూసుకోవచ్చని.

ఆయన ఒక్కొక్క అడుగే జరిగి కిటికీ దగ్గరికొచ్చారు. నోరు తెరవబోతుండగా ఆయన భుజం మీంచి కాగితాల కట్ట ఒకటి లోపలికొచ్చింది. ముసలాయన తూలి పక్కకి జరిగారు.

"బుల్లబ్బాయ్, లైనులో రా" అన్నాను.

వాడు హాయిగా నవ్వాడు. "అబ్బ, మీరు నవ్వుతుంటే ఎంత బాగుంటారండి మేడంగారూ. రోజూ ఇలాగే రండి."

నేను లేచాను. పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి ముఖం కడుక్కున్నాను. రెండు సార్లు సబ్బు వేస్తే గానీ పోలేదు. ముడి పిన్నులన్నీ పీకి తులసి కుండీలో పడేశాను. జుట్టు కిందకి జారేసరికి నుదురు దాని చోటికి అది వచ్చిన చప్పుడు నాకు లోపల వినబడింది. శ్మశానమైతే శ్మశానం, అక్కడ కుళాయైనా బాగుంటుందేమో అనుకున్నాను. పవిటతో తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చుని తలెత్తాను.

ఎవరినీ ఏమీ అనలేదు. మోచేతులు లేచిపోయాయి. కబుర్లాగిపోయాయి. జనం ఒకరి వెనక ఒకరు సర్దుకుని, సంచుల్లోంచి జిరాక్సులు తీశారు. బుల్లబ్బాయి చెయ్యి కిటికీలోంచి అదే వెనక్కి వెళ్ళిపోయింది. "ఆయ్, అలాగేనండి" అనుకుంటూ వాడు లైను చివరికి నడిచాడు.

సింహాచలంగారు ముందుకొచ్చి నన్ను తేరిపార చూశారు. "అమ్మయ్య, వచ్చేశారా అమ్మా. ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరో కూర్చుంటున్నారండి."

ఆయన భార్య పేరు అడిగాను. మంగాయమ్మ అన్నారు. ఆ పేరు రాస్తుంటే వెనక ఎవరూ దగ్గలేదు. ఆయన కాగితం తువ్వాల్లో చుట్టుకుని, నా పదకొండుకి దణ్ణం పెట్టి వెళ్ళారు.

తలెత్తేసరికి తలుపు దగ్గర డైరెక్టరుగారు, పక్కన పాలిపోయిన కమిషనరుగారు. వాళ్ళు ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు. డైరెక్టరుగారు లైను వెంట మొదటి నుంచి చివరిదాకా నడిచి వచ్చారు.

"ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. ఏ సాఫ్ట్‌వేరు వాడుతున్నారు?" అన్నారు.

కమిషనరుగారు రెప్ప వెయ్యలేదు. "వదన వికాస పథకం, రెండో దశ సార్" అన్నారు.

మర్నాటికి మెమో సిద్ధం. "క్రమశిక్షణా రేఖల పథకము క్రింద, నలుబది ఐదు సంవత్సరములకు లోబడిన సిబ్బంది యావన్మందీ తమ కనుబొమల నడుమ రెండు నిలువు రేఖలను ధరించవలెను. నమూనా: శ్రీమతి పేరిందేవి." ఈసారి మగవాళ్ళకి మినహాయింపు లేదు. శాశ్వత కట్టడాలకి రంగులు వేయించవచ్చని భీమశంకరంగారు పాత ఉత్తర్వు ఒకటి వెతికి తీశారు. తన్మయిని మళ్ళీ పిలిపించారు. నెల క్రితం పెద్దవాళ్ళ గీతలు ఎలా కప్పాలో చెప్పిన పిల్ల, ఇప్పుడు కుర్రవాళ్ళకి ఎలా తెప్పించాలో చెప్పాలి.

కొలతలు తీసుకోడానికి నన్ను కౌన్సిల్ హాల్లో కూర్చోబెట్టారు. తన్మయి గోధుమరంగు పెన్సిలు పట్టుకుని నా నుదుటికేసి చూసి, "మేడమ్, ఇవి ఎన్నాళ్ళకి వస్తాయండి?" అని అడిగింది.

"నలుగురు కమిషనర్లు మారేంత కాలం పడుతుందమ్మా" అన్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుని సిబ్బంది లోపలికొచ్చారు. కంప్యూటరు దగ్గర కూర్చునే పాతికేళ్ళ పిల్లలు, డ్రైవర్లు, మీసాల గుమాస్తాలు, వయసు దాటిపోయినా ఉత్సాహం ఆపుకోలేక భీమశంకరంగారు. అందరి నుదుటి మీదా పదకొండు. నలభైమంది మా మేనత్తలు వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు. నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను. నా ముఖం అలా నవ్వగలదని నాకే తెలియదు.

భీమశంకరంగారు పరుగున వచ్చి స్కేలు పెట్టారు. ఆయన ముఖం వాడిపోయింది. "గీతలు చదునైపోయాయండి పేరిందేవిగారూ. నమూనాకి సరిపోవట్లేదు."

మళ్ళీ ఫైలు తెరిచారు. "నమూనా వదనము నమూనాకు అనుగుణముగా లేనందున" నాకు సంజాయిషీ నోటీసిచ్చారు. నేను ఏడాదిలో వెళ్ళేదాన్ని, పైగా నా ఫొటో అప్పటికే పై ఆఫీసుకి వెళ్ళిపోయింది, కనక కాటికి పంపలేదు. మధ్యేమార్గం ఒకటి చూశారు. అందరిలాగే నేను కూడా రోజూ పెన్సిలు గీతలు ధరించాలి.

ఇప్పుడు పొద్దున్నే తన్మయి వచ్చి, నా గీతల మీద నా గీతలే గీసి వెళుతుంది. నా కుర్చీలోనే కూర్చుంటున్నాను. లైను చెదరకుండా ఉంటుంది. గీతలు పెన్సిలువి కనక వాటి కింద నేనేం చేసుకున్నా ఎవరికీ పట్టదు. పుట్టిన కాగితాలు రాసేటప్పుడు నవ్వుకుంటాను. పోయినవాళ్ళ కాగితాలు రాసేటప్పుడు ఊరుకుంటాను.

మొన్న బుల్లబ్బాయి లైను చివర ఎండలో నిలబడి, మెడ తుడుచుకుంటూ భయంభయంగా నా కేసి చూశాడు. నేను వాణ్ణి చూసి నవ్వుతున్నాను. పాపం, వాడికి తెలియలేదు.